చూడొద్దన్న మాట

శంషాబాద్ విమానాశ్రయం కార్గో గేటు దగ్గర పనిచేసే హమాలీలకు తలా ఒక మారుపేరు ఉంది. కుర్మయ్యను పెట్టెల కుర్మయ్య అంటారు. అక్కడ పెట్టెలు మోయనివాడంటూ లేడు. అయినా ఆ పేరు ఆయన ఒక్కడికే పడింది. గల్ఫ్ దేశాల నుంచి శవాలతో వచ్చే పెట్టెల దగ్గరికి ఎవరూ పిలవకుండా పోయేవాడు ఆయనే కాబట్టి.

ఆయనది మామిడిపల్లి. వయసు యాభై రెండు. తండ్రి నాటి రెండెకరాలు విమానాశ్రయంలో కలిసిపోయాయి. ఆ చేను ఎక్కడుండేదని అడిగితే, "రన్‌వేకు అవతల గడ్డి పెంచుతున్నరు గద, గక్కడ" అని చెయ్యి చూపిస్తాడు, ఎవరిదో పొలం గురించి చెబుతున్నట్టుగా. పదకొండేళ్లుగా ఒక కాంట్రాక్టరు కింద కార్గోలో పని. భార్య భాగ్యలక్ష్మి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది.

శవపేటికలు వారానికి రెండో మూడో వస్తాయి. వాటికోసం జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి మనుషులు వస్తారు. వాళ్లలో చాలామందికి విమానాశ్రయం చూడటం అదే మొదటిసారి. ఏ కిటికీ దగ్గర నిలబడాలో, ఏ కాగితం ఎవరికి చూపించాలో తెలియదు. ఏడుస్తున్న మనిషికి జెరాక్స్ ఎక్కడ తీయించాలో చెప్పే ఉద్యోగం ఎవరిదీ కాదు. కుర్మయ్య ఆ పని తన మీద వేసుకున్నాడు. వాళ్ల వెంట తిరిగేవాడు. నీళ్ల సీసా తెచ్చిచ్చేవాడు. ఆడవాళ్లకు బాత్రూం దారి చూపించేవాడు. అంబులెన్స్ డ్రైవరును ఫోన్ చేసి పిలిపించేవాడు. పోతూ పోతూ వాళ్లు జేబులో ఏదైనా పెట్టబోతే రెండు చేతులూ వెనక్కి కట్టుకునేవాడు. వాళ్ల చేతి టీ కూడా తాగేవాడు కాదు.

నాకు ఆయన పరిచయమైంది ఆదివారం సత్సంగంలో. నరసరాజుగారని భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దాయన, బ్యాంకులో రిటైరయ్యాక శంషాబాద్‌లో తన మేడ మీద పదిమందిని కూర్చోబెట్టి మంచి మాటలు చెప్పేవారు. కుర్మయ్య అందరికన్నా వెనక, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చునేవాడు. ఎప్పుడూ ప్రశ్న అడిగేవాడు కాదు.

"సదాచారం అంటే మడీ ఆచారమూ ఒక్కటే కాదండీ," అనేవారు నరసరాజుగారు. "ఎదుటివాడు కష్టంలో ఉన్నప్పుడు మన నడవడిక ఎలా ఉందన్నదే సదాచారం. పని మనది. చెయ్యాలి, పక్కకి తప్పుకోవాలి. దాని ఫలం మనది కాదు."

ఒకరోజు మెట్లు దిగుతూ కుర్మయ్య నాతో అన్నాడు, "సార్ చెప్పేది నేను తెల్వకుండనే చేస్తున్ననన్నా." ఆ మాటలో కొంచెం గర్వం ఉంది. అదేమీ పెద్ద తప్పు కాదు.

పోయిన ఎండాకాలం జగిత్యాల దగ్గరి పల్లె నుంచి శ్రీలత అనే ఆమె వచ్చింది, మరిదిని వెంటబెట్టుకుని. ఆమె భర్త గంగనర్సయ్య గల్ఫ్‌లో మేస్త్రీ పని చేస్తూ గుండె ఆగి పోయాడు. పెట్టె రావడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. పెట్టె మీద ఆయన పేరు, పాస్‌పోర్ట్ నంబరు పెద్ద అక్షరాలతో అతికించి ఉన్నాయి. ఉదయం పది గంటలకల్లా అంతా అయిపోయింది.

శ్రీలత పెట్టె అంచు పట్టుకుని వదల్లేదు. "ఒక్కపారి ముఖం చూపియ్యిండ్రి," అంది.

కిటికీలోని ఆఫీసరు, ఇక్కడ తెరవకూడదమ్మా, ఇంటికి పోయాక మీ ఇష్టం అన్నాడు. ఆమె కుర్మయ్య వైపు తిరిగింది. పొద్దున్నుంచి ఆమె పక్కనున్న మనిషి ఆయనొక్కడే.

"ఇంటికాడ తెరుస్తం కాకా. తెరవొచ్చు గద?"

పదకొండేళ్లలో కుర్మయ్య అంబులెన్సు వెంట కొందరి ఊళ్లకు కూడా వెళ్లాడు. మూతలు తెరిచినప్పుడు ఏమవుతుందో చూశాడు. కమ్మర్‌పల్లి దగ్గర ఒక ముసలమ్మ కన్నకొడుకు నల్లబడిన ముఖం చూసి, వీడు నా కొడుకు కాదు, నా కొడుకు కాదని అరిచి పడిపోయింది. అది ఆమె కొడుకే. చెవి వెనక మచ్చ చూపించినా నమ్మలేదు. ఆ ముసలమ్మ ఆయన కళ్లముందు మెదిలింది.

"వద్దు బిడ్డా," అన్నాడు. "నా మాట ఇను. ఇరవై మూడు దినాలైంది. గిప్పుడు చూస్తే బతికినన్ని దినాలు గదే ముఖం యాదికుంటది. ఆయన పోయేటప్పుడు ఎట్ల పోయిండో గది ఉంచుకో."

 శ్రీలత తల ఊపింది. పెట్టె అంచు మీది చెయ్యి తీసేసింది.

కుర్మయ్య చెప్పులు విడిచి, మూత మీద అరచెయ్యి పెట్టి, గోవిందా అని మెల్లగా అనుకున్నాడు. ఏ పెట్టెకైనా ఆయన చేసేది అంతే. మరిది ఆయన నంబరు రాసుకున్నాడు, ఊరు చేరాక ఫోన్ చేస్తానన్నాడు. అంబులెన్స్ వెళ్లిపోయింది. ఒక ఆడమనిషిని పెద్ద బాధ నుంచి తప్పించానని ఆ రోజు ఆయన అనుకున్నాడు. నాతో ఆ మాట చెప్పేటప్పుడు తల ఎత్తలేదు.

అయిదు రోజులకు ప్రేమ్ రాజ్ పెట్టె వచ్చింది.

ప్రేమ్ రాజ్ వాళ్లది మామిడిపల్లిలో కుర్మయ్య ఇంటికి నాలుగిళ్ల అవతల, చర్చి సందులో. తండ్రి జయశీలన్ ఏనాడో పోయాడు. తల్లి ప్రేమావతి ఒక హాస్టల్లో వంట చేసి ఇద్దరు కొడుకులను పెంచింది. పెద్దవాడు ఆశేర్ ఏసీ మెకానిక్కు. చిన్నవాడు ప్రేమ్ రాజ్ గల్ఫ్‌లో వ్యాను నడుపుతూ ప్రమాదంలో పోయాడు. ఇరవై తొమ్మిదేళ్లు. గంగనర్సయ్య పోయిందీ ఆ పట్నంలోనే, ఆ వారంలోనే. కానీ ఆ సంగతి అప్పటికి ఎవరి ఆలోచనలోనూ లేదు.

మూడు వారాలు ఆశేర్‌తో కలిసి కాగితాల కోసం తిరిగింది కుర్మయ్యే. పెట్టె దించిందీ, ఇంటికి తెచ్చిందీ ఆయనే. సందులో టెంటు వేశారు. కుర్చీలు వేశారు. పాస్టరుగారు వచ్చి కూర్చున్నారు. కుర్మయ్య ఆశేర్‌ను పక్కకు పిలిచి, "తమ్మీ, మూత తియ్యకుంటెనే మంచిది," అన్నాడు.

"లేదన్నా. అమ్మ చూడాలె. ముఖం చూడకుండ మేము మట్టియ్యం," అన్నాడు ఆశేర్.

మరలు విప్పింది కుర్మయ్యే. లోపలి గుడ్డ పక్కకు తీశారు. ప్రేమావతి వంగి చూసింది. చాలాసేపు చూసింది. ఏడవలేదు, అరవలేదు. ఇంటికి వచ్చిన కొత్త మనిషి గురించి అడిగినట్టు అడిగింది.

"ఈయన ఎవరు?"

ఆశేర్ తల్లి భుజం పట్టుకుని, "అమ్మా, తమ్ముడేనే, దినాలైంది గద, గిట్లనే ఉంటది," అన్నాడు. కుర్మయ్యకు కూడా ఒక్క క్షణం కమ్మర్‌పల్లి ముసలమ్మే గుర్తొచ్చింది. కానీ పెట్టెలోని మనిషికి నలభై దాటిన వయసు. ముందు పన్ను విరిగి ఉంది. గుడ్డ ఇంకొంచెం జారింది. ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు. తెలుగు అక్షరాలు. శ్రీలత.

కుర్మయ్యకు అంతా ఒక్కసారే అర్థమైంది.  టెంటులోంచి బయటికొచ్చి, చర్చి గోడ పక్కన నిలబడి, శ్రీలత మరిదికి ఫోన్ చేశాడు.

"తమ్మీ, నేను ఏర్‌పోర్ట్ కుర్మయ్యను. మీ అన్న పెట్టె తెరిచినరా?"

"లేదు కాకా. నువ్వు చెప్పినవ్ గద, వదిన తెరవనియ్యలే. ఆ దినమే దహనం చేసినం."

"బొక్కలు?"

"మూడో దినం ఏరి, ధర్మపురి కాడ గోదారిల కలిపినం. ఎందుకు కాకా?"

 మళ్లీ చేస్తానని పెట్టేశాడు. టెంటు దగ్గరికి తిరిగొచ్చేసరికి అందరూ ఆయన్నే చూస్తున్నారు. ప్రేమావతి అడిగింది, "కుర్మన్నా, నా కొడుకు ఏడున్నడు?"

ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాడు ఆ సందులో ఆయనొక్కడే. ఆయన చెప్పాడు. చెబుతున్నంతసేపూ కాళ్ల కింద నేల మీదే కళ్లు ఉన్నాయి. పాస్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.  ఆశేర్ మూత తెచ్చి, మెల్లగా, ఆ పరాయి మనిషి మీద కప్పాడు.

పోలీసులు వచ్చారు. గంగనర్సయ్యను దవాఖాన మార్చురీలో పెట్టారు. పెట్టెల మీది చీటీలు సరైనవే, లోపలి మనుషులను మాత్రం అక్కడి శవాగారంలో తారుమారు చేశారని తేలింది. ఉత్తరాలు వెళ్లాయి. విచారిస్తున్నామని జవాబు వచ్చింది. ఏ కాగితంలోనూ కుర్మయ్య పేరు లేదు. ఆయన్ను ఎవరూ పిలిపించలేదు, ఒక్క మాట అడగలేదు. అడిగితే కొంత నయంగా ఉండేదేమోనని ఆయన తరవాత నాతో అన్నాడు.

నాలుగో రోజు, కబురు తెలిసి, శ్రీలత మరిదితో వచ్చింది. నుదుట బొట్టు లేదు, చేతులు బోసిగా ఉన్నాయి. మార్చురీ ముందు వేపచెట్టు కింద ప్రేమావతి, ఆశేర్ సంతకాల కోసం కూర్చుని ఉన్నారు. శ్రీలతకు ఎవరో చెప్పారు ఆమెవరో. ఆమె వచ్చి ప్రేమావతి పాదాల దగ్గర కూలబడింది.

"అమ్మా, నీ కొడుకు మీద పడి ఏడ్చిన. నా కొడుకు తలకొరివి పెట్టిండు, గుండు చేయించుకున్నడు. పదిమందిమి నీ కొడుకుకు అన్నీ చేసినం. మాకు తెల్వదమ్మా."

ప్రేమావతి ఆమె తల మీద చెయ్యి పెట్టింది. "మా దాంట్ల మట్టి ఇయ్యాలె బిడ్డా. మా ఆయన పక్కన జాగ ఉంచినం," అంది. 

"ముఖం చూడాలని నేను అడిగిన్నమ్మా," అంది శ్రీలత, వెనక నిలబడిన కుర్మయ్యను చూపిస్తూ. "ఈ కాకా చూడొద్దన్నడు. నా మంచికే చెప్పిండు."

ఆమె నింద వేయలేదు. జరిగింది చెప్పింది. కానీ ఆశేర్ లేచి కుర్మయ్య ముందుకు వచ్చాడు.

"నువ్వా? నువ్వు చెప్పినవా చూడొద్దని?"

"చెప్పిన తమ్మీ."

"ఆమె చూస్తనంటే నువ్వెవరివి వద్దనెటందుకు? ఆమె మూత తీసుంటే ఈ పాటికి తమ్ముడు మా దగ్గర ఉండేటోడు."

 ఆశేర్ కొడతాడేమోనని మరిది మధ్యకు వచ్చాడు. ఆశేర్ కొట్టలేదు. వెళ్లి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కొట్టి ఉంటే బాగుండునని కుర్మయ్య అనుకున్నాడు.

ఆ ఆదివారం ఆయన సత్సంగానికి వచ్చాడు. అందరూ వెళ్లిపోయేదాకా ట్యాంకు పక్కనే కూర్చున్నాడు. నరసరాజుగారి భార్య రత్నమాలగారు ప్రసాదం పెట్టబోతే తీసుకోలేదు. జరిగిందంతా చెప్పి, మొదటిసారిగా ప్రశ్న అడిగాడు.

"ఫలం మనది కాదంటిరి గద సార్. మరి గీ ఫలం ఎవరిది?"

నరసరాజుగారు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.  

"మీరు ఆశించి చేసింది కాదు కదండీ కుర్మయ్యగారూ. మంచి మనసుతోనే..."

"మంచి మనసుతోనే చేసిన సార్. గందుకే అడుగుతున్న."

"నాకు తెలియదండీ," అన్నారు చివరికి.  "ఫలం కోరుకోకూడదని చెప్పగలను. కానీ మనం చేసిన పనికి వేరేవాళ్లు అనుభవిస్తుంటే మనం పక్కకి తప్పుకోవచ్చని మాత్రం నేను చెప్పలేను."

తరవాతి రెండు ఆదివారాలు సత్సంగం జరగలేదు. ఒంట్లో బాగోలేదని రత్నమాలగారు కబురు పెట్టారు.

గంగనర్సయ్యను ఊరికి తీసుకుపోయే ముందురోజు ప్రేమావతి కుర్మయ్య ఇంటికి వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు. భాగ్యలక్ష్మి పీట వేసినా కూర్చోలేదు.

"నువ్వు వాళ్లతోని పోతున్నవంట."

"పోతున్ననక్కా."

"నా కొడుకును కాల్చిన జాగల ఇంత మట్టి తే. గంతే. నేను ఇగ ఏం అడగ."

ఆయన అంబులెన్సులో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్లాడు. మధ్యాహ్నానికి ఊరు చేరారు. ఆ ఊరి శ్మశానంలో దహనానికి సిమెంటు గద్దె ఒక్కటే ఉంది. వీళ్లు చేరేసరికి దాని మీద అప్పటికే గంగనర్సయ్య కోసం కట్టెలు పేర్చి ఉన్నాయి. కాటికాపరిని అడిగితే, అస్థికలు ఏరిన రోజే గద్దె కడిగేశామని, బూడిద వాగులో వేశామని, తరవాత ఇంకో ముసలాయనకు కూడా అక్కడే చేశామని చెప్పాడు. కుర్మయ్య గద్దె చుట్టూ తిరిగాడు. మోకాళ్ల మీద వంగి సిమెంటు పగుళ్లలో వేళ్లతో వెతికాడు. నల్లటి మసి ఉంది. అది ఎవరిదో చెప్పడానికి లేదు.

గంగనర్సయ్యకు రెండోసారి నిప్పు పెట్టారు. నిజానికి అదే మొదటిసారి. ఈసారి శ్రీలత ముఖం చూసింది. చూసి, పక్కనున్న కుర్మయ్యతో, "ఈయనే కాకా," అంది. ఆయన పోయి అంబులెన్సు పక్కన నిలబడ్డాడు.

తిరిగొచ్చేటప్పుడు అంబులెన్స్ డ్రైవరు బండి ఆపి, రోడ్డు పక్కన మట్టి చూపించాడు.

"ఎందుకు పరేషాన్ అయితున్నవ్ కాకా. గింత మట్టి సంచిల పోసుకో. ముసలామెకు ఏం తెలుస్తది? కడుపు చల్లబడుతది. పుణ్యమే గద."

కుర్మయ్య దిగాడు. కొంతసేపు ఆ మట్టి వైపే చూశాడు. దోసెడు మట్టి. తీసుకుపోయి ఇస్తే ఆమె దాన్ని జయశీలన్ సమాధి పక్కన పెట్టుకుంటుంది, పూలు పెడుతుంది, ఏడుస్తుంది, కొంత తేలికపడుతుంది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. శ్రీలతకు ఏది మంచిదో కూడా ఆ రోజు ఇంతే బాగా తెలుసనుకున్నాడు.

"వద్దు," అని వచ్చి బండి ఎక్కాడు.

మర్నాడు పొద్దున ప్రేమావతి ఇంటి ముందు నిలబడ్డాడు. ఆమె వాకిలి ఊడుస్తోంది. ఆయన చేతుల వైపు చూసింది.

"ఏం తేలేదక్కా. గద్దె కడిగేసినరు. బూడిద వాగుల కలిపినరు. ఏది మనోనిదో తెలుస్తలేదు."

"ఏం దొరకలేదా?"

"దొరకలే."

"ఇంత కూడా?"

"లేదక్కా. తెచ్చిన్నని అబద్ధం చెప్పబుద్ధి కాలేదు."

ఆమె చీపురు గోడకు ఆనించి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ తలుపు వెనక నుంచి వచ్చిన ఏడుపు కుర్మయ్య విన్నాడు. పెట్టె తెరిచిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. నిజం చెప్పడం వల్ల ఎవరికైనా మేలు జరిగిందా అని ఆయన నన్ను అడిగాడు.  మట్టి తెచ్చిస్తే ఆమె ఊరట పడేదన్నది నిజమే. అది ఆమె కొడుకు కాదన్నదీ నిజమే.

తరవాత ఆరు నెలలు ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఆశేర్ ఎదురుపడితే సందు మారేవాడు. కుర్మయ్య పని మానుకుందామనుకున్నాడు. కాంట్రాక్టరుకు చెప్పాడు కూడా. మర్నాడు నిర్మల్ నుంచి ఎవరో ముసలాయన ఒక్కడే వచ్చాడు. చేతిలో కాగితాలు తలకిందులుగా పట్టుకుని ఏ కిటికీనో తెలియక నిలబడ్డాడు. కుర్మయ్య వెళ్లి కాగితాలు సరిచేశాడు. పని మానలేదు. అంతకుముందు దొరికే తృప్తి మాత్రం ఇప్పుడు లేదు. ఏం మాట్లాడినా ముందు లోపల ఒకసారి భయం వేస్తుంది. ఎవరైనా సలహా అడిగితే, "నాకు తెల్వదు బిడ్డా, మీకు ఎట్ల తోస్తే గట్ల చెయ్యిండ్రి, నేను మీ పక్కనే ఉంటా," అంటాడు.

నవంబరులో సమాధుల పండుగకు చర్చి వాళ్లంతా సమాధులకు సున్నాలు వేసుకుంటారు. ఆ రోజు పొద్దున కుర్మయ్య అటుగా పనికి పోతుంటే ప్రేమావతి కంచె లోపలి నుంచి పిలిచింది.

"కుర్మన్నా. కొళాయి దూరమున్నది. నీళ్లు తెచ్చిస్తవా?"

ఆయన చెప్పులు కంచె బయట విడిచి బకెట్ అందుకున్నాడు. జయశీలన్ పేరు కింద ఆశేర్ నల్ల రంగుతో తమ్ముడి పేరు రాస్తున్నాడు. పేరు ఉంది, పుట్టిన తేదీ ఉంది, పోయిన తేదీ ఉంది. కింద ఎవరూ లేరు. మూడో బకెట్ దించాక ప్రేమావతి అడిగింది.

"ముందుగాల వచ్చిన పెట్టెల మనోడే ఉండె గద. అది దింపిన్నాడు నువ్వు ఉన్నవా?"

"ఉన్ననక్కా. నేనే దించిన."

"బరువున్నడా?"

"ఉన్నడు. నలుగురం పట్టినం."

"కింద మీద పడేసినరా?"

"లేదు. మెల్లగ దించినం."

ఆమె ఇంకా ఏదో అడుగుతుందని ఆయన ఎదురుచూశాడు. ఆమె కుంచె తీసుకుని సున్నంలో ముంచింది. ఆశేర్ రాయడం పూర్తిచేసి, తల ఎత్తకుండా, డబ్బా మూత పెట్టి అవతలికి వెళ్లిపోయాడు. పైన ఒక విమానం తక్కువ ఎత్తులో వచ్చి దిగింది. ఎవరూ తల ఎత్తలేదు. కుర్మయ్య ఖాళీ బకెట్ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఇంకా నీళ్లు కావాలో, వెళ్లిపోవాలో ఆమె చెప్పలేదు. అడగడానికి ఆయనకు ధైర్యం రాలేదు.